మా అత్తగారి పుట్టింటి పాత ఉత్తరాలు, వర్జీనియా నుంచి ఒహాయోకి, 1820ల నుంచి 1840ల దాకా. వీటితో వెనక్కి ఎలా వెళ్ళాలి?

ఒహాయో కోడలు

అందరికీ నమస్తే అండీ. ఇది మనవాళ్ళ వంశవృక్షం కాదు, మా ఆయన వాళ్ళది, ఆయన ఇక్కడివాడే. మా అత్తగారు పెద్ద ఇల్లు అమ్మేసి చిన్న ఇంట్లోకి మారుతూ ఒక రేకు పెట్టె తెచ్చి నాకిచ్చారు, కొడుకులిద్దరికీ వీటి మీద ఆసక్తి లేదు నువ్వైనా చూడు అని. నిండా ఉత్తరాలే. ఆవిడ పుట్టింటి వైపువి, అంటే ఆవిడ తండ్రి వంశం. చాలావరకు వర్జీనియాలో రాక్‌బ్రిడ్జ్ కౌంటీ నుంచి ఒహాయోలో రాస్ కౌంటీకి, చిల్లికాథీ పోస్టాఫీసు పేరు మీద రాసినవి. కవర్లు లేవు, ఉత్తరమే మడత పెట్టి లక్క అంటించి వెనకాల అడ్రస్ రాశారు. చాలావాటికి మూలన చేత్తో 18¾ అని ఉంది, అదేంటో అర్థం కాలేదు, ఇంట్లో ఎవరైనా వేసుకున్న వరస నంబరా అంటే అన్నిటికీ అదే ఉంది.

ఎక్కువ రాసింది పాలీ అనే ఆవిడ, ఒహాయోలో ఉన్న అన్నకి. ఆ అన్న మా అత్తగారి వంశంలో మనిషే, దానికి ఆధారం ఉంది, 1850 సెన్సస్ నుంచి ఇటు మొత్తం దొరికింది. సమస్య అంతా అక్కడి నుంచి అటు. వాళ్ళ నాన్న పేరు ఆ కౌంటీలో సగం మందికి ఉంది (పేరు ఇక్కడ పెట్టట్లేదు, అత్తగారికి ఇష్టం లేదు). 1833 ఉత్తరంలో పాలీ ఏం రాసిందంటే ముసలి నాన్న పెన్షన్ కోసం కోర్టుకెళ్ళి ప్రమాణం చేసి వచ్చాడు, ఆ ప్రయాణానికి ఒళ్ళు హూనమై మంచం దిగట్లేదు అని. 1836 ఉత్తరానికి ఆయన పోయాడు, భూమి సంగతి ఎటూ తేలలేదు అంటోంది. ఇంకో చిక్కు, ఉత్తరాల్లో "బ్రదర్" అని నలుగురిని రాసింది, నలుగురివీ నాలుగు ఇంటిపేర్లు. పైగా పాలీ అనే పేరుతో ఆ ఇంటిపేరు మనిషి నాకు ఏ రికార్డులోనూ తగల్లేదు.

ఆన్‌లైన్‌లో ఫ్యామిలీ ట్రీలు చూస్తే ఒకరు ఐర్లండ్ ఉత్తరాన ఉన్న ఉల్‌స్టర్ అంటారు, ఒకరు స్కాట్లండ్‌లో ఎవరో లార్డ్ కొడుకు అంటారు, ఇంకొకరు నేరుగా మేఫ్లవర్ ఓడ ఎక్కించేశారు. వీటిలో ఏది నమ్మాలి, అసలు ఎక్కడ మొదలుపెట్టాలి? ప్రొఫెషనల్‌కి ఇచ్చే ముందు నేను ఎంతవరకు చేయగలనో చూద్దామని.

---

మైక్రోఫిల్మ్ మావయ్య

అమ్మా కోడలా, పెట్టె మంచిదే దొరికింది. ముందు ఆ 18¾ సంగతి చెప్తా. అది పోస్టేజీ. స్టాంపులు వచ్చింది 1847లో, అంతకు ముందు పోస్టుమాస్టరే చేత్తో రేటు వేసేవాడు, డబ్బు మామూలుగా అందుకున్నవాడే కట్టుకునేవాడు, పంపినవాడు కడితే పెయిడ్ అని రాసి ఉంటుంది. 1816 నుంచి 1845 దాకా ఒక్క కాగితం ఉత్తరానికి 30 మైళ్ళ లోపు 6 సెంట్లు, 80 దాకా 10, 150 దాకా 12½, 400 దాకా 18¾ (1825కి ముందు 18½), అది దాటితే 25. ఆ ముక్కలు ముక్కలు లెక్కలెందుకంటే అప్పట్లో చేతుల్లో తిరిగేవి స్పానిష్ వెండి నాణేలు, వాటికి సరిపోయేలా పెట్టినవి. రాక్‌బ్రిడ్జ్ నుంచి చిల్లికాథీ అంటే 150కీ 400కీ మధ్యే కాబట్టి 18¾ సరిగ్గా కుదిరింది.

దీంతో నీకు పనేంటంటే, తేదీ లేని ఉత్తరాలు ఉంటాయి చూడు, వాటి మీద 5 అని ఉంటే 1845 జులైలో రేట్లు తగ్గాక రాసిందనుకోవచ్చు. 25 ఉంటే, రెండు కాగితాల ఉత్తరం కాకపోతే, అది 400 మైళ్ళ అవతల నుంచి వచ్చింది, అంటే ఇంకో అన్నో చెల్లో మిస్సోరీకో మరో చోటికో వెళ్ళిపోయారన్నమాట, ఆ పోస్టుమార్కు ఊరు చూడు. రెండు కాగితాలు పెడితే రేటు రెట్టింపు, అందుకే ఒకే కాగితం మీద నిలువుగా రాసి మళ్ళీ అడ్డంగా రాసేవాళ్ళు, అలాంటివి ఉంటే స్కాన్ చేసి పెద్దది చేసి ఒక దిక్కు గీతలే పట్టుకుని చదువు.

పాలీ కోసం పాలీ అనే వెతికితే దొరకదు, మేరీ అని వెతుకు. పాలీ అంటే మేరీ, సాలీ అంటే సారా, పాట్సీ అంటే మార్తా, పెగ్గీ అంటే మార్గరెట్, నాన్సీ చాలాసార్లు యాన్. ఉత్తరంలో ముద్దుపేరు రాస్తారు, పెళ్ళి బాండులో (పెళ్ళికి ముందు కౌంటీలో రాసిచ్చే పూచీ పత్రం) గుమాస్తా అసలు పేరు రాస్తాడు. ఇక బ్రదర్ అన్నవాళ్ళంతా తోడబుట్టినవాళ్ళు కారు, చెల్లెలి మొగుడు, పెళ్ళాం తమ్ముడు, ఒక్కోసారి చర్చిలో తోటివాడు కూడా బ్రదరే. నాలుగు ఇంటిపేర్లు అన్నావు కదా, నాకైతే అవి నలుగురు అల్లుళ్ళు అనిపిస్తోంది, అదే నీ అసలు నిధి, ఎందుకంటే తండ్రి పేరు వందమందికి ఉన్నా ఆ నాలుగు ఇంటిపేర్లూ చుట్టూ ఉన్న తండ్రి ఒక్కడే ఉంటాడు.

ఇంకో చిన్నది. తేదీల దగ్గర ఇన్‌స్ట్ అని ఉంటే ఈ నెల, అల్ట్ అని ఉంటే పోయిన నెల. రెండు ఎస్‌లు పక్కపక్కన వస్తే మొదటిది ఎఫ్‌లా కనిపిస్తుంది, ఇంటిపేరు తప్పు చదివి ఏళ్ళ తరబడి లేని మనిషి కోసం వెతికిన వాళ్ళని చూశాను. ఉన్నది ఉన్నట్టు కాపీ చెయ్యి, స్పెల్లింగ్ దిద్దకు.

---

బ్లూరిడ్జ్ వెంకట్

మావయ్యగారు చెప్పిందానికి ప్లస్ వన్. కానీ ఆ 1833 వాక్యం మీద ఎవరూ ఆగలేదేంటి?? అక్కా ఆ ఒక్క ముక్క చాలు మీకు.

1818లో వచ్చిన పెన్షన్ చట్టం అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో కాంటినెంటల్ ఆర్మీలో, అంటే రెగ్యులర్ సైన్యంలో చేసి, పేదరికంలో ఉన్నవాళ్ళకి. 1832 జూన్ 7న వచ్చిన చట్టం మిలీషియా (అవసరానికి పిలిచే స్థానిక పౌర సైన్యం) వాళ్ళకి కూడా ఇచ్చింది, కనీసం ఆరు నెలలు సర్వీసు ఉంటే చాలు, పేదవాడని చూపించక్కర్లేదు. అందుకే 1832, 33ల్లో ముసలివాళ్ళంతా కౌంటీ కోర్టులకి బారులు కట్టారు. మీ ముసలాయన వెళ్ళింది దానికే. ఆ డిక్లరేషన్‌లో అందరినీ ఒకే ప్రశ్నలు అడిగేవాళ్ళు: ఎక్కడ ఏ సంవత్సరం పుట్టావు, వయసుకి ఏదైనా రికార్డు ఉందా, సైన్యంలోకి పిలిచినప్పుడు ఎక్కడ ఉన్నావు, యుద్ధం అయ్యాక ఎక్కడెక్కడ ఉన్నావు, నీ సర్వీసు గురించి చెప్పగల ఇరుగుపొరుగు ఎవరు. అంటే 1750ల్లో పుట్టిన మనిషి నోటితో చెప్పిన జీవితచరిత్ర మీకు రాతపూర్వకంగా దొరుకుతుంది. రాక్‌బ్రిడ్జ్ వాళ్ళవి చదివితే చాలామంది 1781 మార్చిలో గిల్‌ఫర్డ్ కోర్ట్‌హౌస్ యుద్ధం గురించి చెప్తారు.

నేషనల్ ఆర్కైవ్స్‌లో ఇవి ఎం804 అనే మైక్రోఫిల్మ్ సెట్, ఎనభై వేల దాకా ఫైళ్ళు. ఇమేజీలు ఆర్కైవ్స్ కేటలాగ్‌లో ఫ్రీ, ఫోల్డ్‌త్రీ అనే సైటులో కూడా ఉన్నాయి. వర్జీనియా, కరోలినాల లాంటి దక్షిణాది వాళ్ళవి చాలావరకు టైపు చేసి పెట్టిన సదరన్ కాంపెయిన్స్ సైటు ఉంది, అది ముందు చూడండి, చేతిరాతతో కుస్తీ తప్పుతుంది. పెన్షన్ రాలేదు తిరస్కరించారు అని ఉన్నా వదలొద్దు, ఆరు నెలలకి నాలుగు రోజులు తక్కువైందని కొట్టేసిన ఫైల్లో కూడా కథ అంతా ఉంటుంది. ఆయన భార్య తర్వాత బతికుంటే 1836, 1838 చట్టాల కింద వితంతు పెన్షన్ పెట్టి ఉండొచ్చు, దానికి పెళ్ళి రుజువు కావాలి కాబట్టి ఫ్యామిలీ బైబిల్లో పేజీ చింపి జత చేసేవాళ్ళు, ఆ పేజీలు ఇంకా ఆ ఫైళ్ళలోనే ఉన్నాయి.

అదే పేరుతో ముగ్గురో నలుగురో వస్తారు. కంగారు పడకండి. సాక్షుల పేర్లు చూడండి. మీ నలుగురు "బ్రదర్స్" ఇంటిపేర్లలో ఏదైనా సాక్షుల్లో ఉంటే ఆయనే.

---

సందేహాల సీత

ట్రీల గురించి ఒక్క మాట. మేఫ్లవర్ అన్నవాణ్ణి ఆధారం అడగండి, జవాబు రాదు. రాక్‌బ్రిడ్జ్ లోయలో స్థిరపడినవాళ్ళు ఎక్కువ మంది ఉల్‌స్టర్ నుంచి ఫిలడెల్ఫియా వైపు దిగి గ్రేట్ వాగన్ రోడ్ పట్టుకుని షెనాండోవా లోయలోకి వచ్చిన ప్రెస్బిటేరియన్ క్రైస్తవులు, 1739లో బోర్డెన్ అనే ఆయనకి అక్కడ 92,100 ఎకరాల గ్రాంటు ఇస్తే అందులో కొనుక్కున్నవాళ్ళు. 1620లో ప్లిమత్‌లో దిగినవాళ్ళ పిల్లలు అక్కడికి ఎలా వచ్చారో ఆ ట్రీ వేసినాయనే చెప్పాలి. లార్డ్ గారి కొడుకు కథ ఇంకా పాతది. గుస్తావ్ ఆంజూ అని ఒకడు డబ్బున్న అమెరికన్లకి గొప్ప గొప్ప వంశవృక్షాలు కల్పించి అమ్మాడు, 1942లో పోయాడు, వాడి కల్పనలు ఇప్పటికీ ట్రీల్లో కాపీ అవుతున్నాయి. మీది వాడి పని అనట్లేదు, కానీ నూరు ట్రీల్లో ఉంది కదా అంటే అది నూరు ఆధారాలు కాదు, ఒకడు రాస్తే తొంభై తొమ్మిది మంది క్లిక్ కొట్టారు అంతే.

ఓడ పేరు కోసం కూడా వెతుక్కోవద్దు. పెన్సిల్వేనియాలో 1727 నుంచి లిస్టులు ఉన్నది జర్మన్లలాంటి పరాయి దేశస్థులవి, ఉల్‌స్టర్ వాళ్ళు బ్రిటిష్ రాజు ప్రజలే కాబట్టి వాళ్ళ పేర్లు ఎవరూ రాసుకోలేదు. అమెరికా ప్రభుత్వం ప్రయాణికుల లిస్టులు అడగడం మొదలైంది 1820లో. ఎల్లిస్ ఐలండ్‌లో పేరు మార్చేశారు అని మీ అత్తగారి బంధువులు ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి, అది తెరిచింది 1892లో.

డీఎన్ఏ చేయిస్తే మీ ఆయనది కాదు, అత్తగారిది చేయించండి. ఒక తరం దగ్గర. అంత వెనక తరంలో ఒక్క పూర్వీకుడి నుంచి వచ్చేది ఒక శాతం అటూ ఇటూ, ఒక్కోసారి ఏమీ రాదు, కాబట్టి మీ ఆయన కిట్‌తో తేలేది తక్కువ. ఆ వంశం మగవాళ్ళ మీదుగానే వచ్చిందంటున్నారు కాబట్టి వై డీఎన్ఏ (తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చేది) కావాలంటే మీ ఆయన మేనమామ ఉన్నారా? ఆయనో ఆయన కొడుకో ఒప్పుకుంటే ఆ ఇంటిపేరు వాళ్ళలో ఏ శాఖో తేలిపోతుంది.

---

ఒహాయో కోడలు

మేనమామ ఉన్నారు, కిట్ కొనిస్తే ఉమ్మేస్తా అన్నారు 😄 వై డీఎన్ఏకి ఉమ్మి కాదు బుగ్గ లోపల పుల్లతో గీకాలంట, అదే చెప్పా.

వెంకట్ గారూ మీకు ఒక పెద్ద దండం. అదే పేరుతో పెన్షన్ అడిగినవాళ్ళు ముగ్గురు వచ్చారు. ఒకాయన నార్త్ కరోలినాలో, ఆయన్ని పక్కన పెట్టేశా. మిగతా ఇద్దరూ రాక్‌బ్రిడ్జే!! ఒకాయన ఫైల్లో సీనియర్ అని ఉంది ఇంకొకాయనకి జూనియర్, అంటే తండ్రీ కొడుకులా అనుకుంటే వయసు తేడా ఎనిమిదేళ్ళే. సీనియర్ గారి డిక్లరేషన్‌లో తను 1751 ఫిబ్రవరిలో అగస్టా కౌంటీలో పుట్టానని, పుట్టిన ఇంట్లోనే ఇప్పటికీ ఉన్నానని చెప్పాడు. ఇద్దరు సాక్షుల్లో ఒకరి ఇంటిపేరు పాలీ "బ్రదర్"లలో ఒకరిదే. కానీ పుట్టింది అగస్టా, ఉన్నది రాక్‌బ్రిడ్జ్, పుట్టిన ఇంట్లోనే ఉన్నానంటాడు, ముసలాయన మతిమరుపా?

ఇంకోటి, పెట్టె అడుగున బైబిల్ నుంచి తీసిన కాగితం ఒకటి ఉంది, అందులో ఈయన పుట్టినరోజు 1750/51 ఫిబ్రవరి అని రెండు సంవత్సరాలు రాసి ఉంది. తెలియక రెండూ రాశారా?

విల్లు (వీలునామా) మాత్రం దొరకలేదు. కౌంటీ విల్ బుక్ ఇండెక్స్ మొత్తం చూశా.

---

మైక్రోఫిల్మ్ మావయ్య

మతిమరుపేం కాదు, ముసలాయన అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. ఆయన కదల్లేదు, కౌంటీ కదిలింది. 1734లో అది ఆరెంజ్ కౌంటీ, తర్వాత అగస్టా అయ్యింది, ఆ కోర్టు పని మొదలైంది 1745లో, 1778లో అగస్టా నుంచీ బొటెటార్ట్ నుంచీ కొంత కొంత తీసి రాక్‌బ్రిడ్జ్ చేశారు. రికార్డులు ఏ కౌంటీలో పుడితే అక్కడే ఉండిపోతాయి, కొత్త కౌంటీకి రావు. కాబట్టి ఆయన తండ్రి కొన్న దస్తావేజు స్టాంటన్‌లో అగస్టా కోర్టులో వెతకాలి, ఇంకా ముందుదైతే ఆరెంజ్‌లో. ఆరెంజ్ కోర్టు ఆర్డర్లలో 1740 ప్రాంతంలో ఉల్‌స్టర్ వాళ్ళు కొందరు తామూ తమ పెళ్ళాం పిల్లలూ సొంత ఖర్చుతో వచ్చామని ప్రమాణం చేసి భూమి హక్కు అడిగిన ఎంట్రీలు ఉంటాయి, ఇంటిల్లిపాది పేర్లతో. సీతమ్మ ఓడ లిస్టులు లేవు అంది కదా, వాటికి దగ్గరగా వచ్చేది ఇదొక్కటే. ఏ సంవత్సరంలో ఏ కౌంటీయో చూడ్డానికి న్యూబెర్రీ లైబ్రరీ వాళ్ళ పాత కౌంటీ సరిహద్దుల అట్లాసు ఆన్‌లైన్‌లో ఉంది.

సీనియర్ జూనియర్ అన్నది కూడా అంతే. ఒకే పేరుతో ఒకే చోట ఇద్దరుంటే పెద్దాయన సీనియర్, చిన్నాయన జూనియర్, చుట్టరికం ఉండక్కర్లేదు. పెద్దాయన పోగానే జూనియర్ సీనియర్ అయిపోతాడు, కింద ఇంకో కుర్రాడు జూనియర్ అవుతాడు. అందుకే 1836 తర్వాత రికార్డులో సీనియర్ కనిపిస్తే అది మీ ముసలాయన కాదు, మొన్నటి జూనియర్.

1750/51 రాసినవాడు తెలిసే రాశాడు. 1752 దాకా ఇంగ్లండులోనూ దాని కాలనీల్లోనూ కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది, జనవరి ఫిబ్రవరి నెలలు పాత సంవత్సరం కిందకే. అందుకే రెండూ రాస్తారు, మన లెక్కకి 1751. ఆ 1752 సెప్టెంబర్‌లోనే 2వ తేదీ తర్వాత 14 వేసి పదకొండు రోజులు ఎగరగొట్టారు. వాషింగ్టన్ పుట్టినప్పుడు రాసింది 1731/32 ఫిబ్రవరి 11, మనం జరుపుకునేది 22. నీ దగ్గరున్న కాగితం పెన్షన్ ఫైలుతో కలిసింది చూశావా, ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసినవి కాకపోతే దానికి విలువ ఎక్కువ. అయితే ఆ బైబిల్ కాగితం మీద చేతిరాత అన్ని పేర్లకీ ఒకటే, సిరా ఒకటే అయితే ఎవరో తర్వాత కూర్చుని మొత్తం ఒకేసారి ఎక్కించారని అర్థం, అది కూడా నోట్ చేసుకో.

---

బ్లూరిడ్జ్ వెంకట్

అక్కా సూపర్. విల్లు లేకపోవడం మీకు అదృష్టం అనుకోండి. నిజంగానే. విల్లు ఉంటే "నా ప్రియమైన పిల్లలకి సమానంగా" అని రాసి పేర్లు కూడా చెప్పకుండా పోయేవాడు. విల్లు లేకుండా పోతే, పైగా పాలీ భూమి తేలలేదు అంటోంది కాబట్టి, అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళు చాన్సరీ కోర్టుకి (ఆస్తి పంపకాల లాంటి తగాదాలు తేల్చే కోర్టు) వెళ్ళి ఉంటారు. ఆ కేసు కాగితాల్లో వారసులందరి పేర్లూ, కూతుళ్ళ మొగుళ్ళ పేర్లూ, ఎవరు ఏ రాష్ట్రానికి పోయారో, ఎవరు ముందే చనిపోతే వాళ్ళ పిల్లలెవరో అన్నీ రాయాలి, లేకపోతే పంపకం చెల్లదు. రిచ్‌మండ్‌లో లైబ్రరీ ఆఫ్ వర్జీనియా వాళ్ళు చాన్సరీ ఇండెక్స్ ఆన్‌లైన్‌లో పెట్టారు, చాలా కౌంటీలకి కాగితాల ఇమేజీలు కూడా ఉన్నాయి, ఫ్రీ. ముసలాయన పేరుతో కాదు, అల్లుళ్ళ నలుగురి ఇంటిపేర్లతో వెతకండి, కేసు వేసింది అల్లుడే అయ్యుండే ఛాన్స్ ఎక్కువ 😀

ఇద్దరు ఒకే పేరువాళ్ళని విడదీయడానికి టాక్స్ లిస్టులు వాడండి. వర్జీనియా 1790, 1800 సెన్సస్‌లు పోయాయి, మిగిలినవాటిలో కూడా 1840 దాకా ఇంటి పెద్ద పేరొక్కటే ఉంటుంది మిగతావాళ్ళు గీతలే, కానీ పర్సనల్ ప్రాపర్టీ టాక్స్ లిస్టులు 1782 నుంచి దాదాపు ఏటా ఉన్నాయి. ఇంట్లో కుర్రాడికి 16 రాగానే లెక్కలో ఒకటి పెరుగుతుంది, 21 రాగానే వాడి పేరు విడిగా వస్తుంది. ఒహాయో అన్నగారి పేరు ఏ ఏడు విడిగా వచ్చిందో ఏ ఏడు మాయమైందో చూస్తే వలస వెళ్ళిన సంవత్సరం దాదాపుగా పడిపోతుంది. ఇద్దరు సీనియర్ జూనియర్లలో ఎవరి ఇంట్లో కుర్రాళ్ళు ఎప్పుడు పెరిగారో పక్కపక్కన పెట్టుకుని చూడండి, విసుగు పని, కానీ తేల్చేది ఇదే.

ఇంకో జాగ్రత్త, రాస్ కౌంటీలో సియోటో నదికి పడమటి వైపు వర్జీనియా మిలిటరీ డిస్ట్రిక్ట్, వర్జీనియా తన సైనికులకి ఇవ్వడానికి ఉంచుకున్న భూమి. అన్నగారికి అక్కడ పొలం ఉంది కాబట్టి అది నాన్న సర్వీసుకి వచ్చిందే అనుకోవద్దు, ఆ వారంట్లు (భూమి హక్కు పత్రాలు) చేతులు మారేవి, ఎవరైనా కొనుక్కోవచ్చు. నాన్న మిలీషియా అయితే ఆ భూమి అసలు వచ్చి ఉండదు. ఒహాయోలో మిగతా చోట్ల చదరాలుగా కొలిస్తే అక్కడ మాత్రం వర్జీనియా పద్ధతే, తెల్ల ఓక్ చెట్టు నుంచి ఫలానావాడి మూల దాకా అని. ఆ ఫలానావాడే మీకు కావాల్సింది. చుట్టుపక్కల పొలాలవాళ్ళ పేర్లు రాసుకోండి, సగం మంది రాక్‌బ్రిడ్జ్ నుంచే వచ్చి ఉంటారు. ఫ్యామిలీసెర్చ్ సైటులో ఫుల్ టెక్స్ట్ సెర్చ్ వచ్చింది కదా, చేతిరాత దస్తావేజుల్ని మెషీన్ చదివి పెట్టింది, ఇండెక్స్‌లో లేని సాక్షుల పేర్లు కూడా అందులో పడుతున్నాయి.

---

ఒహాయో కోడలు

చాన్సరీలో కేసు ఉంది!!! 1838. వేసింది అల్లుడే 😂 నలుగురిలో ముగ్గురు అల్లుళ్ళు, నాలుగో ఆయన ముసలాయన భార్య తమ్ముడు. పాలీ పేరు మేరీ అనే ఉంది, పెళ్ళి కాలేదు. ఒహాయో అన్న పేరు, "ఒహాయో రాష్ట్ర నివాసి" అని, అక్షరాలా ఉంది. ఇక సందేహం లేదు. మొత్తం ఇమేజీలు చాలా ఉన్నాయి ఇంకా చదువుతున్నా.

కానీ ఒక విషయం అడగాలి. పాలీ ఉత్తరాల్లో ఐజక్‌ని ఫలానా ఆయనకి ఏడాదికి కిరాయికి ఇచ్చామని, హానా పిల్లలిద్దరికీ జ్వరమని ఉంటే పనివాళ్ళేమో అనుకుంటూ చదివేశా. కేసు కాగితాల్లో ఆస్తి జాబితాలో గుర్రాలు ఆవుల మధ్యలో వాళ్ళ పేర్లు ఉన్నాయి, పక్కన వెల ఉంది. హానా పిల్లల పేర్లు కూడా. పంపకంలో హానా ఒక అల్లుడికి, పెద్ద పిల్ల ఇంకో అల్లుడికి. అత్తగారికి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత ఇది ట్రీలో పెట్టాలా అని అడిగారు. ఏం చెప్పాలో తెలియలేదు.

---

నీలి సిరా

నేను ఈ థ్రెడ్ చదువుతూ ఇదే ఎక్కడ వస్తుందా అని చూస్తున్నా. 1830ల వర్జీనియా, పొలం, ఆస్తి తగాదా అన్నప్పుడు ఇది రాకుండా ఉండటం అరుదు.

నేను ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాల కోసం రికార్డులు వెతకడంలో వాలంటీరుగా సాయం చేస్తుంటా. బానిసత్వంలో ఉండి విడుదలైనవాళ్ళని అందరినీ పేరుతో రాసిన మొదటి సెన్సస్ 1870. అంతకు ముందు 1850లో 1860లో స్లేవ్ షెడ్యూళ్ళు ఉన్నాయి కానీ వాటిలో యజమాని పేరే ఉంటుంది, మనుషులకి వయసు, ఆడా మగా, రంగు, అంతే. అందుకే 1870 దగ్గర అందరూ గోడకి తలకొట్టుకుని ఆగిపోతారు. ఆ గోడ దాటాలంటే దారి మీ పెట్టెలాంటి పెట్టెలే. యజమానుల ఉత్తరాలు, ఆస్తి జాబితాలు, పంపకాల కాగితాలు. హానా, ఆమె పిల్లలు, ఎవరు ఏ అల్లుడికి వెళ్ళారు, ఆ అల్లుళ్ళ ఇంటిపేర్లేంటి, ఈ మూడూ కలిసి ఒకే కాగితం మీద ఉండటం అంటే హానా మునిమనవరాలు ఎవరైనా ఎన్నో ఏళ్ళుగా వెతుకుతున్నది మీ చేతిలో ఉందన్నమాట. అంతర్యుద్ధం తర్వాత 1865 నుంచి 1872 దాకా ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో (విడుదలైన బానిసలకి సాయం చేసిన ప్రభుత్వ సంస్థ) రికార్డులు, 1874 దాకా ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు ఖాతాలు ఉన్నాయి, ఆ ఖాతా తెరిచినప్పుడు తల్లి, తోబుట్టువులు, పాత యజమాని పేర్లు చెప్పినవాళ్ళు ఉన్నారు. అటు నుంచి వచ్చేవాళ్ళు ఇటు మీ ఉత్తరానికి తగలాలంటే అది ఎక్కడో కనబడేలా ఉండాలి కదా.

కాబట్టి పెట్టాలా అంటే నా జవాబు పెట్టాలి. మొత్తం పెట్టె బయట పెట్టక్కర్లేదు. ఆ పేర్లున్న ఉత్తరాల పేజీలు చాలు, తేదీ, కౌంటీ, ఎవరు రాశారు అన్నది స్పష్టంగా. లైబ్రరీ ఆఫ్ వర్జీనియా వాళ్ళ వర్జీనియా అన్‌టోల్డ్ అని ప్రాజెక్టు ఉంది, అక్కడ కౌంటీ కోర్టు కాగితాల నుంచి ఇలాంటి పేర్లే తీసి వెతకడానికి వీలుగా పెడుతున్నారు, మీ చాన్సరీ కేసు నంబరుతో వాళ్ళకి రాయండి, ఉత్తరాల సంగతి కూడా చెప్పండి, ఏం చేయొచ్చో వాళ్ళే చెప్తారు. అత్తగారిని తొందర పెట్టొద్దు కానీ ఆవిడ అడిగిన ప్రశ్నలోనే సగం ఒప్పుకోవడం ఉంది అనిపించింది నాకు.

---

సందేహాల సీత

నీలి సిరా గారు చెప్పాక ఇంక చెప్పేది లేదు. ఒక్కటి, స్కాన్ చేసే ముందు ఆ ఉత్తరాలకి ల్యామినేషన్ గానీ సెల్లోటేపు గానీ వేయకండి ప్లీజ్. అప్పటి కాగితం గుడ్డ పీలికలతో చేసింది, మన ఇంటి ప్రింటర్ కాగితం కన్నా గట్టిది, దాన్ని పాడు చేసేది మనమే. మడత దగ్గర బిగుసుకుపోతే బలవంతంగా తెరవద్దు. యాసిడ్ లేని ఫోల్డర్లలో పెట్టి ఆ రేకు పెట్టె మానేయండి. అడ్రస్ ఉన్న వెనక వైపు కూడా స్కాన్ చేయండి, చాలామంది వదిలేస్తారు, పోస్టుమార్కు అక్కడే ఉంటుంది.

---

ఒహాయో కోడలు

ఫోల్డర్లు ఆర్డర్ పెట్టా. అత్తగారు నిన్న ఫోన్ చేసి వాళ్ళ పేర్లు పెట్టు, మా నాన్నవాళ్ళ ఇంటిపేరు కూడా పెట్టు, లేకపోతే వాళ్ళెలా వెతుక్కుంటారు అన్నారు. మొన్నటిదాకా ఇంటిపేరు వద్దన్నది ఆవిడే. లైబ్రరీకి మెయిల్ రాస్తున్నా. నీలి సిరా గారూ, పంపకంలో హానా చిన్న పిల్లవాడిది ఏ అల్లుడి వాటానో ఆ పేజీలో సిరా కారిపోయి చదవడానికి రావట్లేదు, ఇమేజీ మీకు మెసేజ్‌లో పెడితే చూస్తారా?

---

నీలి సిరా

పెట్టండి. ఆ పేజీ ఒక్కటే కాదు, దాని ముందూ వెనకా పేజీలు కూడా పెట్టండి. పంపకం చేసిన కమిషనర్లు చివర్లో ఎవరి వాటా ఎంత అని మొత్తం మళ్ళీ కూడి రాస్తారు, అక్కడ వెలలతో సరిచూస్తే పేరు చదవలేకపోయినా ఎవరి వాటాలో పడ్డాడో లెక్కలో తేలుతుంది.